అరగోలీ దొర

నర్సాయపల్లెలో ఏది కాసినా, ఏది పండినా మొదటిది దొర ఉండే గడీకి పోవాలి. మొదటి వంకాయ గడీకి. మొదటి జొన్న కంకి గడీకి. బర్రె ఈనితే మొదటి జున్ను గడీకి. పోలీసు యాక్షన్ అయి పదిహేనేండ్లు దాటింది. వెట్టి పోయిందని సర్కారు కాగితం రాసి చావడి గోడకు అంటించింది. ఆ కాగితం వానకు నాని ఊడిపోయింది కూడా. మొదటి వంకాయ మాత్రం ఇంకా గడీకే పోతోంది. ఎవరూ అడగరు, ఎవరూ కొట్టరు. కాళ్ళకు అలవాటైన తోవ, అంతే.

హనుమండ్లు కాళ్ళకు ఆ తోవ మరీ అలవాటు. చిన్నప్పుడే గడీలో పశువుల దగ్గర జీతానికి కుదిరి, పెండ్లయ్యే దాకా అక్కడే బతికాడు. తరవాత కౌలుదారు చట్టం వచ్చింది, వాగు పక్కన తాను కౌలుకు చేస్తున్న రెండెకరాల గడీ చేను ఆయన పేరు మీదికి ఎక్కింది. ఎక్కిందంటే దానంతట అది ఎక్కలేదు. కచ్చేరి చుట్టూ తిరిగింది, పట్వారీ గల్లా పట్టుకున్నంత పని చేసింది ఆయన భార్య పోశవ్వ. పట్టా చేతికొచ్చిన నాడు హనుమండ్లు చేసిన పని ఏమిటంటే, దాన్ని ముందుగా దొరకు చూపించి రావడం. ఆ ముచ్చట ఎత్తితే పోశవ్వకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఎండాకాలం బావిలో పూడిక తీస్తుంటే గట్టు విరిగి హనుమండ్లు కాలు మీద పడింది. ఎముక విరిగింది. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టి మంచంలో పడేశారు. ఎముక అతికింది గాని పిక్క వాచి బానలా అయింది. సరిగ్గా అదే నెలలో గడీ దొర విద్యాసాగర్‌రావు మెట్ల మీద జారాడు. తుంటి కమిలి ఆయనా మంచం పట్టాడు. ఆయన పిక్కా వాచింది. దొర కాలు, జీతగాడి కాలు ఒకే తీరుగా వాయడం ఆ ఊరు అంతకు ముందు చూడలేదు.

కరీంనగర్ పోయే రోడ్డు మీద మిషన్ వాళ్ళ దవాఖాన ఒకటి ఉంది. అక్కడి డాక్టరు ప్రమోదిని దొరకు సొంత తమ్ముడి కూతురు. హైదరాబాదులో చదివి, వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టి, ఆ దవాఖానలో కుదురుకుంది. ఇద్దరి పిక్కలూ నొక్కి చూసి ఇద్దరికీ ఒకటే మాట చెప్పింది.

"పిక్కల నెత్తురు గడ్డ కట్టింది. గా గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోయిందనుకో, మనిషి దక్కడు. గందుకే నెత్తురు పల్చబరిచే గోలీలు ఇస్తున్న. తప్పకుండ వేసుకోవాలె."

పోశవ్వ గుండెలో రాయి పడింది. ప్రాణం సంగతి అటుంచి, పడింది రెండో రాయి కూడా. మిరుగు కార్తె దగ్గరికొస్తోంది. తొలి వానకు హనుమండ్లు నాగలి పట్టకపోతే చేను పడావు పడిందని పట్వారీ రాసేస్తాడు. అలా రాయించుకుని గడీలు ఎన్ని చేన్లు వెనక్కి లాక్కోలేదు!

"డాక్టరమ్మా, మనిషి బతకాలె. మిరుగు నాటికి నిలబడాలె. గంతే, ఇంకేమడగ" అంది పోశవ్వ.

"గోలీలు సక్కగ మింగితే నిలబడ్తడు" అంది ప్రమోదిని.

ఆ మందుతో ఒక చిక్కుంది. జ్వరం గోలీ లాగ మనిషికొకటి అని పంచేది కాదు. కొద్దికొద్దిగా ఇస్తూ, మధ్యలో నెత్తురు తీసి గాజు గొట్టంలో పోసి, దాంట్లో ఒక మందు కలిపి, గడియారం చేత పట్టుకుని అది గడ్డ కట్టేదాకా చూడాలి. తొందరగా కడితే మందు చాలనట్టు. ఎంతకూ కట్టకపోతే ఎక్కువైనట్టు. ఇద్దరినీ దవాఖానలోనే ఉంచి ప్రమోదిని చాలా తిప్పలు పడి లెక్క తేల్చింది. ఇంటికి పంపే నాడు వచ్చింది అసలు రభస.

ఆ రోజు వారపు అంగడి. దవాఖాన అరుగు నిండా జనం. దొర కుర్చీలో కూర్చున్నాడు. హనుమండ్లు కింద కూర్చుని, చాపిన కాలు దొర వైపు ఉండకుండా నానా తంటాలు పడుతున్నాడు. కంపౌండర్ పర్శరాములు రెండు పొట్లాలు పట్టుకుని వచ్చాడు. ఆ మనిషికి మెల్లగా మాట్లాడటం పుట్టుకతోనే రాదు.

"హనుమండ్లూ! మాపటికి బువ్వ తిన్నంక మూడు గోలీలు. దొరా, మీకు మాపటికి అర గోలీ!"

అరుగు మీద దగ్గుతున్న ముసలాయన దగ్గు ఆపేశాడు.

"ఎంతా?" అన్నాడు దొర.

"అర, దొరా. నడిమికి కోసే పెట్టిన. మీకు తక్లీఫ్ ఉండొద్దని."

"నాకు అర. వానికి మూడు."

"అవును దొరా."

"పొట్లాలు మార్చి కట్టినవ్‌రా నువ్వు."

"మార్చలే దొరా! ఒట్టు. పేర్లు చూసే కట్టిన."

దొర గొంతెత్తి కూతురి వరసైన డాక్టర్ని కేకేశాడు. ప్రమోదిని చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఏంది పెద్దబాపూ, గట్ల మొత్తుకుంటున్నరు?"

"నేనెవరు?"

"మా పెద్దబాపు."

"వీడెవడు?"

"నా దగ్గరికొచ్చిన రోగి."

"నా జీతగాడు! మా గడీల పేడ ఎత్తినోడు. వానికి మూడు, నాకు అర ఇస్తవా? సొంత తమ్ముని బిడ్డవు!"

ప్రమోదినికి నవ్వొచ్చింది గాని ఆపుకుంది.

"గీ మందు కొలిచేది దొరతనాన్ని కాదు పెద్దబాపూ, నెత్తుర్ని. మీకు డెబ్బై దగ్గరికొచ్చినయ్. వయసు మళ్ళినోళ్ళకు కొంచెం మందే ఎక్కువ పనిచేస్తది. హనుమండ్లుకు నలబై నిండలే. మనిషిని చూడుండ్రి, దర్వాజ లెక్క ఉన్నడు. మీరేమో గాలొస్తే ఎగిరేటట్టున్నరు. గీ మందును ఒంట్ల అరిగించేది కార్జం. రోజూ మాపటికి బ్రాందీ పోసి పోసి మీరు దాన్ని పాడు చేసుకున్నరు. అరగకపోతే మందు లోపల్నే నిలవుంటది. పైనుంచి తలనొప్పి అనుకుంట పొడి పొట్లాలు మింగుతరు, అవి సుత నెత్తుర్ని గడ్డ కట్టనియ్యవ్."

"వాడు కల్లు తాగడా?"

"పండుగకో పబ్బానికో తాగుతడు. మీ లెక్క దినాం తాగడు. ఇంకో సంగతి. హనుమండ్లు రెండు పూటల ఆకుకూర తింటడు. ఆకుకూరల నెత్తుర్ని గడ్డ కట్టిచ్చే గుణమున్నది. దాన్ని గెలవాల్నంటే మందు ఎక్కువ కావాలె. గిదంత నేను మనుషుల మొఖాలు చూసి చెప్పలే, నెత్తురు చూసి చెప్పిన. మీది అరకే దారికొచ్చింది. ఆయనది మూడేస్తె గాని రాలే."

ఇంత చెప్పినా దొర చెవికెక్కింది ఒకటే. వాడికి మూడు. తనకు అర.

పోశవ్వకు ఇంకో అనుమానం వచ్చింది. "మూడెందుకమ్మా మాకు? పేదోళ్ళం గదా అని కొత్త మందు మా మీద జోకి చూస్తలేరు గద?"

"నీ పుంటికూరనే గా మూడు గోలీలు తెచ్చింది పోశవ్వా."

"అయితే కూర బంద్ పెట్టల్నా?"

"వద్దు వద్దు! ఇన్ని దినాలు ఎట్ల తిన్నడో గట్లనే తిననియ్యి. ఇయ్యాల గంపెడు పెట్టి రేపు మానేస్తే నా లెక్క ఆగమైతది."

బండ్లు ఊరు చేరేలోపలే ఆ వార్త ఊరు చేరింది. బీడీలు చుట్టే బుచ్చవ్వ చేట ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళందరినీ ఆపింది.

"విన్నరా? దొరకు అర గోలీ, మన హనుమండ్లుకు మూడు! అంటే ఏంది? ఒక్క హనుమండ్లు ఆరుగురు దొరల పెట్టు!"

"జర మెల్లగ అవ్వా, గడీ దాక ఇనవడ్తది" అన్నారెవరో.

"ఇనని! అరగోలీ చెవులకు ఎంత ఇనవడ్తదో నేనూ చూస్త."

అంతే. సాయంత్రానికి ఆయన అరగోలీ దొర. తరతరాల పేరు ఒక పూటలో పోయింది.

ఊరంతా నవ్వింది. నవ్వనివాడు ఒక్కడే, హనుమండ్లు. ఆయనకు ముద్ద దిగడం లేదు. దొరకంటే ముందు తిన్నవాడు కాదు, దొరకంటే ఎత్తు మీద కూర్చున్నవాడు కాదు, ఇప్పుడు దొర కంటే ఎక్కువ పాలు తన నడుము దట్టిలో ఉంది. దొంగ సొమ్ము పెట్టుకున్నట్టు ఒకటే నస. చీకటి పడకముందే లేచి ఊతకు కంక కట్టె పట్టుకున్నాడు.

"ఏడికి?" అంది పోశవ్వ.

"ఎడ్లకు నీళ్ళు పెట్టిన్రో లేదో చూసొస్త."

ఎడ్లు పెరట్లో ఉన్నాయి. ఆయన కుంటుకుంటూ పోయింది గడీకి.

దొర వసారాలో కాలు పీట మీద చాపుకుని కూర్చున్నాడు. బ్రాందీ గ్లాసు ముట్టలేదు. అంత బాధలో ఉన్నాడన్న మాట.

"అరే హనుమండ్లూ, నాకన్న ముందు ఎన్నడన్న తిన్నవారా?"

"తినలే దొరా."

"నాకన్న ఎక్కువ?"

"బాంచెన్, గంత మాటెందుకు దొరా."

"మరి గిదేందిరా? ఊరు ఊరంత పండ్లిగిలిస్తున్నది!"

హనుమండ్లు పొట్లం తీసి రెండు చేతులతో చాచాడు. "నాకు బువ్వ దిగుతలేదు దొరా. మీరే తీస్కోండ్రి గివి. నాకు గా అర ఇయ్యుండ్రి. నాదేమున్నది, కట్టె అసొంటి పెయ్యి. మీకే బలం కావాలె."

దొర వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చేత్తోనే పొట్లం అందుకుని, తన అరగోలీల పొట్లం ఇటు జరిపాడు.

"పోశవ్వతోని చెప్పకు."

"డాక్టరమ్మతోని చెప్పకుండ్రి."

హనుమండ్లు ఇంటికి వచ్చి కడుపు నిండా తిన్నాడు. గుండె మీది బరువు దిగింది. ఏ చట్టం వచ్చినా, ఏ జెండా మారినా మనిషి లోపల కూర్చున్న గడీ కూలదు. దాన్ని ఎవరికి వారు పలుగు పట్టి కూల్చుకోవాల్సిందే. హనుమండ్లు చేతికి ఇంకా పలుగు రాలేదు.

ఆ రోజు నుంచి ఆయన గోలీలు పోశవ్వ చేతికివ్వలేదు. "నేనే ఏసుకుంట" అని గోడ వైపు తిరిగి గుటుక్కున మింగేవాడు. పోశవ్వకు కుడి కన్ను అదిరినట్టయ్యేది గాని, పొలం పనుల తొందరలో అడగలేదు. అక్కడ గడీలో దొర మూడు గోలీలూ అరచేతిలో పరుచుకుని, ఒక్కొక్కటీ చూసి, ఆనందంగా మింగుతున్నాడు. ఆయన పరువు కడుపులో పడుతోంది. బ్రాందీ మళ్ళీ మొదలైంది.

తరవాతి అంగడి ఇంకా రాకముందే ఒక పొద్దున రాజం గడీకి గడ్డం గీయడానికి వచ్చాడు. తండ్రి కాలం నుంచి గడీకి ఆ ఇంటివాళ్ళే గీస్తారు. ఒక చెంప అయింది. రెండో చెంప మొదలుపెట్టగానే కత్తి అంచు చీమ కుట్టినంత తగిలింది. చుక్క నెత్తురు. రాజం పటిక రాశాడు. ఆగలేదు. పసుపు అద్దాడు. ఆగలేదు. తడి గుడ్డ పెట్టి నొక్కాడు. గుడ్డ ఎర్రబడింది.

"ఏం చేసినవ్‌రా?"

"బాంచెన్ దొరా! నేను గీరలే! కత్తే జర్ర ఆనింది!"

దొర కోపంతో నోరు తెరిచాడు. పండ్ల సందుల్లోనూ నెత్తురే. అది చూసిన రాజానికి పైప్రాణాలు పైనే పోయాయి. దొర గొంతు దాకా తెగిందనుకున్నాడు. కత్తుల పొది వదిలేసి, చెప్పులు వదిలేసి, గడీ గోడ దూకి, సుల్తానాబాద్ దాకా ఆగకుండా ఉరికాడు. అక్కడ మేనత్త ఇంట్లో దూరి తలుపేసుకున్నాడు.

దొరసాని దేవకి అంగీ విప్పించి చూసింది. వీపు నిండా నేరేడు పండ్లు చిదిపినట్టు నల్లటి మచ్చలు. జీపు ఏది? కొడుకు వేసుకుని కరీంనగర్ పోయాడు. గడీ ఎడ్లు ఏవి? వాగవతల మేతకు పోయాయి. ఊళ్ళో కట్టి సిద్ధంగా ఉన్న బండి ఒక్కటే. అది పోశవ్వది.

ఎందుకు సిద్ధంగా ఉందంటే, అదే పొద్దున హనుమండ్లు పిక్క మళ్ళీ వాచింది. ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే కేక పెట్టేంత. పోశవ్వ ఇంకో మాట లేకుండా ఎడ్లను కట్టింది.

పోశవ్వ వాళ్ళ వాడలో దొరసాని కాలు పెట్టడం అదే మొదటిసారి. రొప్పుతూ వచ్చింది.

"పోశవ్వా, మీ దొరకు నెత్తురు ఆగుతలేదు. నీ బండ్ల జర జాగ ఉన్నదా?"

పోశవ్వ ఒక్క క్షణం ఆమె మొహం వంక చూసింది. ఆడమనిషి మొహం. భయపడ్డ ఆడమనిషి మొహం.

"ఎక్కించుండ్రి దొర్సానీ. గడ్డి పరిచిన, మెత్తగనే ఉంటది."

ఒకే బండిలో, ఒకే గడ్డి మీద దొర, జీతగాడు పక్కపక్కన. ముందు ఎడ్లను తోలుతూ పోశవ్వ, ఆమె భుజానికి ఆనుకుని దొరసాని. దొరకు ఒక చెంప నున్నగా ఉంది, ఒక చెంప మీద తెల్ల గడ్డం ఉంది. బండి బుచ్చవ్వ అరుగు ముందు నుంచి పోయింది. ఆమె బీడీ ఆకు చేతిలో పట్టుకుని అలాగే చూసింది.

"ఓయమ్మో! గోలీ అర, గడ్డం సుత అరనేనా?"

దొర తువ్వాల మొహం మీదికి లాక్కున్నాడు.

బండి గుంతలో పడ్డప్పుడల్లా హనుమండ్లు కాలు దొర కాలికి తగులుతోంది. తగిలినప్పుడల్లా ఆయన "తప్పయింది దొరా" అంటూ ముడుచుకుంటున్నాడు. పోశవ్వ ముందు నుంచి తిరిగి చూసింది.

"కాలు చాపు. ముడిస్తే ఇంక వాస్తది."

"దొరకు తగులుతున్నదే."

"తగిలితే అరిగిపోతడా?"

"చాపురా" అన్నాడు దొర తువ్వాల కింద నుంచి. "నువ్వు కదిలితే నాకు నొస్తున్నది."

హనుమండ్లు కాలు చాపాడు. దొర పక్కన కాలు చాపుకోవడం ఆయన బతుకులో అదే మొదలు.

దవాఖానలో ప్రమోదిని ఇద్దరి నెత్తురూ తీసింది. పర్శరాములు రెండు చేతుల్లో రెండు గాజు గొట్టాలు. గడియారం పట్టుకుంది. మొదటి గొట్టంలో నెత్తురు ఇట్టే గడ్డ కట్టింది. రెండోది ఎంత వంచినా నీళ్ళలాగ కదులుతూనే ఉంది. ఆమె మొహం మారిపోయింది. దొరకు ముందు సూది వేయమని నర్సును తొందరపెట్టి, పర్శరాములును నిలదీసింది.

"గొట్టాలు తారుమారు చేసినవా?"

"నేనా? అమ్మా, మొన్న పొట్లాలు మార్చినవన్నరు, ఇయ్యాల గొట్టాలు మార్చినవంటున్నరు! ఎడమ చేతిది హనుమండ్లుది, కుడి చేతిది దొరది. నా బిడ్డల మీద ఒట్టు."

"మరి గిదేంది? హనుమండ్లు నెత్తురు అరగోలీ మింగినట్టున్నది. పెద్దబాపు నెత్తురు..."

మాట సగంలో ఆగింది. ఆమె మంచాల వైపు తిరిగింది. దొర కప్పు వైపు చూస్తున్నాడు. హనుమండ్లు నేల వైపు చూస్తున్నాడు. ఇద్దరు మగవాళ్ళు అంత శ్రద్ధగా వేర్వేరు దిక్కులు చూస్తుంటే ఏం జరిగిందో చెప్పడానికి డాక్టరు చదువు అక్కర లేదు. పోశవ్వకు ముందే అర్థమైంది. మొదటి వంకాయ గడీకి పోయిన రోజు, పట్టా కాగితం పోయిన రోజు ఆమె మొగుడి మొహం ఇలాగే ఉంది.

"ఇచ్చినవా?" అంది.

హనుమండ్లు దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"నీ మందు తీస్కపోయి గడీల ఇచ్చినవా?"

"దొరకన్న నాకు ఎక్కువ పాలు ఎట్లనే... మంచిగనిపియ్యలే."

"పాలా! మందు వడ్ల కుప్ప అనుకున్నవా, పంచుకునేతందుకు? నేను ఒక్క మాట అడుగుత చెప్పు. దొర చెప్పులు నువ్వు తొడుగుతవా?"

"తొడగ."

"ఎందుకు తొడగవ్?"

"దొరవి గద."

"కాదయ్యా! నీ కాలికి పట్టయ్ గనుక!" పోశవ్వ నెత్తి కొట్టుకుంది. "నీది గంత కాలు, ఆయనది గింత కాలు. గది సుత తెల్వదా నీకు?"

నర్సు నవ్వింది. ప్రమోదిని నవ్వింది. పర్శరాములు తన మామూలు గొంతుతో నవ్వాడు, అవతలి వార్డులో పసిపిల్ల లేచి ఏడ్చింది. దొర కూడా నవ్వబోయి పండ్లు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

నవ్వయ్యాక ప్రమోదిని ఇద్దరినీ దులిపేసింది. ఒకరు నెత్తురు కారి చచ్చేవారు, ఇంకొకరు గడ్డ ఊడి చచ్చేవారు, ఇద్దరూ బతికి ఉన్నది వాళ్ళ తెలివి వల్ల కాదని చెప్పింది. దొరకు వేసిన సూదిమందు మాపటికి పని చేసింది. నెత్తురు ఆగింది. హనుమండ్లు మాత్రం మంచం దిగకూడదంది.

"ఎన్నటిదాక?" అంది పోశవ్వ.

"వాపు పూర్తిగ దిగేదాక. మిరుగు లోపల కాదు పోశవ్వా."

ఆ రోజంతా బెదరని పోశవ్వ మొహం అప్పుడు వాడిపోయింది. మనిషి దక్కాడు. చేను? కిటికీ లోంచి చూస్తే పడమటి దిక్కున మబ్బు కమ్ముకుంటోంది. ఎవరికైనా సంతోషం కలిగించే మబ్బు. ఆమె చాలాసేపు చూసింది. తరవాత చీర కొంగు నడుముకు చుట్టి దొర మంచం ముందు నిలబడింది.

"దొరా, మా ఆయన మందు మీరు తిన్నరు. ఆయన నాగలి ఎవరు పడ్తరు?"

దొర ఇటు తిరిగాడు. "ఏమంటవ్?"

"మీ జీతగాళ్ళను, మీ ఎడ్లను మా చేనుకు పంపుండ్రి. తొలి వాన పడంగనే. మొదలు మా చేను దున్నాలె. మీది తర్వాత."

"గడీ చేను తర్వాతనా?" అన్నాడు దొర.

హనుమండ్లు పక్క మంచం మీంచి ఆమె చెయ్యి పట్టి లాగాడు. "పోశీ, ఊకో..."

"నువ్వు ఊకో! నువ్వు ఇచ్చింది సాలు."

దొర కోపంగా దేవకి వైపు చూశాడు. బండిలో పోశవ్వ భుజం మీద తల పెట్టి ఏడుస్తూ వచ్చిన దేవకి ఆయన వైపు చూడలేదు. ప్రమోదిని వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. ఇక చూడటానికి ఎవరూ మిగల్లేదు.

"పంపుత" అన్నాడు. గొంతు తగ్గించి, "వానిది వాగు పక్క చేను. నల్లరేగడి. రెండు సాళ్ళు ఎక్కువ దున్నాలె. చెప్త మావోళ్ళకు."

మూడు నాలుగు రోజులకు వాన పడింది. గడీ ఎడ్లు గడీ గేటు దాటి, గడీ చేన్లన్నీ దాటుకుంటూ పోయి, వాగు పక్క రెండెకరాల్లో దిగాయి. బుచ్చవ్వ చేట పక్కన పెట్టి, గట్టు మీద గొంతుక్కూర్చుని పొద్దంతా చూసింది. ఒక్క మాట అనలేదు. ఆమెకు మాట దొరకకపోవడం కూడా ఆ ఊరికి కొత్తే. పట్వారీ వచ్చి చూసి, పోశవ్వను చూసి, మారు మాట్లాడకుండా సాగులో ఉందని రాసుకుని పోయాడు.

ఆ లోపల దవాఖానలో ఇంకో వింత జరిగింది. పోశవ్వ మొగుడికి రోజూ కూర గిన్నె తెచ్చేది. ఒకనాడు పుంటికూర, ఒకనాడు తోటకూర, ఒకనాడు గంగవాయిలి. మందు లెక్క మళ్ళీ తేలేదాకా పక్క మంచం మీదే ఉండి చప్పిడి తిండి తింటున్న దొర ముక్కులు ఎగబీల్చేవాడు. చివరికి ఉండబట్టలేక ప్రమోదినిని అడిగాడు.

"ఆకుకూర తింటె నెత్తురు గడ్డ కడ్తదన్నవ్ గదా? అయితే నేను రోజూ తిన్ననుకో, నా గోలీ పెరుగుతదా?"

ప్రమోదిని ఆయన వైపు తేరిపార చూసింది. "పెరుగొచ్చు. కని రోజూ ఒక్క తీరుగ తినాలె. పొడి పొట్లాలు బంద్. బ్రాందీ బంద్. నేను నెత్తురు చూసుకుంట పెంచుత. మీ అంతట మీరు పెంచుకుంటె ఈసారి సూది నేను వెయ్య, పర్శరాములుతోని ఏయిస్త."

"ఒక్క గోలీ నిండ అయితదా?"

"కావొచ్చు."

"పోశవ్వా!" అన్నాడు దొర. "జర గా గిన్నె ఇటు తే."

అప్పటికి హనుమండ్లు సగం లేచాడు, గిన్నె అందించడానికి. పోశవ్వ చూపు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"గా గిన్నె ఆయనది, ముట్టుకోకుండ్రి. ఆయన లెక్క తప్పుతది" అంది పోశవ్వ. "మీకు వేరే తెస్త. ఊరికి పోయినంక మాత్రం మా పెరట్ల కూర గడీకి రాదు. కావాల్నంటే మీరే వచ్చి తెంపుకోవాలె."

"నేనా? మీ పెరట్లకా?"

"నడిస్తే కాలుకు మంచిదని డాక్టరమ్మ చెప్పలేదా?"

చెప్పింది. అంచేత వానలు వెనకబట్టే నాటికి నర్సాయపల్లె ఒక కొత్త సంగతికి అలవాటు పడింది. పొద్దు పొడవగానే గడీ దొర కట్టె పట్టుకుని వాడలోకి వచ్చేవాడు, పోశవ్వ పెరట్లో వంగి గంగవాయిలి తెంపుకునేవాడు. సుల్తానాబాద్ నుంచి తిరిగొచ్చిన రాజం మొదట్లో ఆయన్ని చూస్తే పక్క సందులోకి తప్పుకునేవాడు, తరవాత మానేశాడు. బుచ్చవ్వ అరుగు ముందు దొర రోజూ ఒకసారి ఆగి గొప్పగా చెప్పేవాడు.

"బుచ్చవ్వా, ముప్పావైంది!"

"పెరుగుతున్నవ్ కొడుకా, పెరుగు" అనేది బుచ్చవ్వ.

ఒక నిండు గోలీకి చేరిన నాడు ఆయన ఊరంతా తిరిగి చెప్పాడు. పేరు మాత్రం మారలేదు. అరగోలీ దొర అరగోలీ దొరే.

హనుమండ్లుకు ఇంకా మూడే. కాలు దిగింది, నడక వచ్చింది, చేను నిలువెత్తు పెరిగింది. పెరట్లో ఆ ఏటి మొదటి వంకాయ కాసింది. నీలంగా, నిగనిగలాడుతూ, అరచేతిలో పట్టేంత. ఆయన దాన్ని తెంపి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కాళ్ళు వాటంతట అవే గడీ వైపు తిరిగాయి. ఒక అడుగు వేశాడు కూడా.

లోపల నూనె చిటపటమంది.

"ఏమయ్యా, గా వంకాయ తెస్తున్నవా లేదా? నూనె మాడుతున్నది!"

హనుమండ్లు గడీ వైపు ఒకసారి చూశాడు. చేతిలో వంకాయ వైపు ఒకసారి చూశాడు. దాని తొడిమ తానే తుంచి, లోపలికి నడిచాడు.

"తెస్తున్ననే" అన్నాడు. "కారం జర ఎక్కువెయ్యి."